మందల చరిత్ర – 9: కోయకుండా కండను చూడటం

గత భాగంలో మెరీనో ఉన్ని కథ చెప్పుకున్నాం. ఉన్ని కోసం మందను మెరుగుపరిచే రైతుకు ఒక సౌలభ్యం ఉంది. బొచ్చు కత్తిరించి తూకం వేయవచ్చు, పోగు ఎంత సన్నమో చూడవచ్చు, నచ్చితే ఆ పొట్టేలునే ఆడగొర్రెల్లోకి వదలవచ్చు. పాల కోసం పెంచేవారికీ దాదాపు అంతే. గుణం బయటికి వస్తుంది, కొలిచినందువల్ల జీవానికి నష్టం లేదు. మాంసం సంగతి వేరు. ఒక పొట్టేలు ఒంట్లో కండ ఎంత, కొవ్వు ఎంత, ఎముక ఎంత అన్నది కచ్చితంగా తెలియాలంటే దాన్ని కోయాలి. కోసిన పొట్టేలుకు పిల్లలు పుట్టరు. మాంసపు గొర్రెల జాతిని బాగుచేయాలన్న రెండున్నర శతాబ్దాల ప్రయత్నమంతా ఈ ఒక్క చిక్కుముడి చుట్టూనే తిరిగింది. మనుషుల జబ్బులు కనిపెట్టడానికి పుట్టిన సీటీ స్కానర్ 20వ శతాబ్దం చివర ఆ ముడి విప్పింది. కొవ్వు తక్కువున్న పొట్టేళ్లను పట్టిచ్చిన యంత్రంగానే దాన్ని చాలామంది లెక్కవేస్తారు. నా లెక్కలో దాని విలువ అంతకంటే ఎక్కువ. ఒక గుణం వెంట పడి పోతున్నప్పుడు ఇంకెక్కడ నష్టం జరుగుతోందో బతికున్న జీవంలోనే చూపించిన మొదటి సాధనం అది. ఎందుకలా అంటున్నానో చెప్పాలంటే కథ 18వ శతాబ్దపు ఇంగ్లండు నుంచి మొదలుపెట్టాలి.

లీస్టర్‌షైర్‌లో లఫ్‌బరో పక్కన డిష్లీ గ్రేంజ్ అనే కమతం. 1725లో పుట్టి 1795లో పోయిన రాబర్ట్ బేక్‌వెల్ అక్కడి రైతు. ఆయన ఇంటి హాల్లోకి అడుగుపెట్టిన అతిథికి ముందుగా కనిపించేవి బేక్‌వెల్ పశువుల అస్థిపంజరాలు, ఉప్పునీటిలో ఊరవేసిన మాంసపు ముక్కలు. అలంకారం కోసం పెట్టినవి కావవి. పాత తరం గొర్రె ఎముక ఎంత లావు, కొత్త తరం ఎముక ఎంత సన్నం, తొడ మీద కొవ్వు పొర ఎంత మందం అన్నది పక్కపక్కన పెట్టి పోల్చుకోవడానికి దాచిన ఆధారాలు. చచ్చిన గొర్రె చెప్పిన సంగతిని బతికున్న దాని చుట్టాలకు వర్తింపజేయడమే ఆయన పద్ధతి. దానికి తోడు ఇంకో ఏర్పాటు చేశాడు. పొట్టేళ్లను అమ్మకుండా ఒక్కో ఈత కాలానికి అద్దెకిచ్చేవాడు. మొదట్లో షిల్లింగుల్లో ఉన్న అద్దె 1780ల చివరికి వందల గినీలకు ఎక్కింది. డబ్బు ఒక్కటే లాభమనుకుంటే పొరపాటు. ఒకే పొట్టేలు పిల్లలు పలువురి మందల్లో ఎలా పెరుగుతున్నాయో చూసి, బాగా వచ్చిన పొట్టేలును తిరిగి తన మందలోకి తెచ్చుకునే అవకాశం అద్దెలోనే ఉంది. సంతానాన్ని చూసి తండ్రిని అంచనా వేసే పద్ధతికి శాస్త్రం పేరు పెట్టడానికి చాలా ముందే ఆయన దాన్ని నడిపాడు. అలా తయారైన న్యూ లీస్టర్ గొర్రె త్వరగా బలిసేది, సన్నటి ఎముకతో పీపాలా ఉండేది, కొవ్వు దండిగా పట్టేది. ఆ కొవ్వును ఈ కాలపు కళ్లతో చూసి తప్పుపట్టే రచయితలున్నారు. నాకది సరైన తీర్పు అనిపించదు. గనుల్లో, మిల్లుల్లో ఒళ్లు వంచే కూలివాడికి కొవ్వే చవకైన బలం. ఆ కాలానికి కావలసినదే బేక్‌వెల్ కొలిచాడు, కొలిచినదే ఆయనకు దక్కింది. అయితే కొలవనిది చేజారింది. న్యూ లీస్టర్ ఆడగొర్రెలకు పిల్లలు తక్కువన్న ఫిర్యాదు అప్పట్లోనే మొదలైంది. ఈ వ్యాసమంతటా మనతో వచ్చే సంగతి ఇదే కనుక కాస్త గుర్తుంచుకోండి.

తర్వాతి నూటయాభై ఏళ్లలో కత్తికి పదును పెరిగిందే గానీ కత్తి అవసరం తప్పలేదు. కేంబ్రిడ్జ్‌లో జాన్ హామండ్ వేర్వేరు వయసుల గొర్రెలను కోసి, ఒక్కో కండను, ఒక్కో ఎముకను విడదీసి తూచి 1932లో పెద్ద గ్రంథం వెలువరించాడు. పెరుగుదల ఒంటినిండా ఒకేసారి జరగదనీ, ముందు ఎముక, తర్వాత కండ, చివర కొవ్వు ఊపందుకుంటాయనీ, ఖరీదైన మాంసమున్న నడుం భాగం అన్నిటికంటే ఆలస్యంగా నిండుతుందనీ తేల్చింది ఆ పనే. ఎంత గొప్ప పనైనా ఆయన బల్ల మీదికి వచ్చిన గొర్రె మళ్లీ మందలోకి పోలేదు. డెన్మార్క్ వాళ్లు పందుల విషయంలో 1907లోనే మధ్యేమార్గం కనిపెట్టారు. తోబుట్టువుల్లో కొన్నిటిని పరీక్షా కేంద్రానికి పంపి, పెంచి, కోసి, ఆ ఫలితాన్ని బట్టి ఇంటి దగ్గరున్న తల్లిదండ్రుల విలువ కట్టేవారు. పందికి అది నప్పింది, ఒక ఈతలో పది పిల్లలుంటాయి గనుక. ఒకటో రెండో ఈనే గొర్రెకు ఆ దారి ఇరుకు. పిల్లలు పెరిగి, కోతకొచ్చి, లెక్కలు తేలేసరికి తండ్రి పొట్టేలుకు ముసలితనం వచ్చేస్తుంది. పైగా తోబుట్టువును చూసి చెప్పింది అంచనాయే. ఒకే కడుపున పుట్టిన రెండు పొట్టేళ్లు ఒకేలా ఉండవని ఏ గొల్లవాణ్ని అడిగినా చెబుతాడు.

1950లలో పశువుల వెన్ను మీద అల్ట్రాసౌండ్ పెట్టి చూడటం మొదలైంది. దాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. ఈనాటికీ గొర్రెల ఎంపికలో ఎక్కువ పని చేస్తున్నది అదే. నడుం దగ్గర బొచ్చు పక్కకు తీసి, జెల్ రాసి, యంత్రపు మొనను ఆనిస్తే కొవ్వు పొర మందం, దాని కింది కండ లోతు తెర మీద కనబడతాయి. చవక, మందలోనే అయిపోతుంది. 1985లో ఎడిన్‌బరాలోని స్కాటిష్ వ్యవసాయ కళాశాల శాస్త్రవేత్తలు జెఫ్ సిమ్ ఆధ్వర్యంలో సఫోక్ గొర్రెల మీద పెట్టిన దీర్ఘకాల ప్రయోగం దీని మీదే ఆధారపడింది. బరువు, కొవ్వు మందం, కండ లోతు మూడింటినీ ఒకే అంకెలోకి కలిపి, ఆ అంకె ఎక్కువున్న వాటినే పెంపకానికి ఉంచుకుంటూ పోయారు. కొన్నేళ్లకే ఎంపిక చేసిన మంద బరువెక్కింది, కండ పెరిగింది, కొవ్వు పలచబడింది. కొలిచి ఎంచుకుంటే గొర్రె మారుతుందని అక్కడ నిలువునా రుజువైంది. లోటు వేరేచోట ఉంది. గొర్రెపిల్ల వెన్ను మీద కొవ్వు కొద్ది మిల్లీమీటర్లే. చేయి కాస్త గట్టిగా నొక్కినా ఒక మిల్లీమీటరు అటూఇటూ అవుతుంది, ఆ ఒక్క మిల్లీమీటరే రెండు పొట్టేళ్ల మధ్య తేడా కావచ్చు. అంతకంటే ముఖ్యంగా, ఒకచోట చూసి ఒళ్లంతా ఎలా ఉందో ఊహించాలి. తొడలో కండ ఎంత, కడుపులో పేగుల చుట్టూ కొవ్వు ఎంత పేరుకుంది అన్నది దానికి అందదు.

ఇప్పుడు కథ ఒక ఆస్పత్రికి మళ్లుతుంది. గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ నాటింగమ్‌షైర్‌లో ఒక పొలం ఇంట పెరిగినవాడు. ఈఎంఐ సంస్థలో ఇంజినీరుగా ఉంటూ ఒక వస్తువు గుండా అన్ని దిక్కుల నుంచీ కిరణాలు పంపి, ఎక్కడ ఎంత ఆగిందో లెక్కగడితే లోపలి బొమ్మ గీయవచ్చునని తేల్చాడు. మొదటి ప్రయోగ యంత్రానికి ఒక్క అడ్డకోత వివరాలు సేకరించడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ ప్రయోగాల్లో ఆయన వాడినవాటిలో కబేళా నుంచి తెచ్చిన ఎద్దు మెదడు, పంది ఒంటి ముక్కలు ఉన్నాయి. బతికున్న మనిషి కంటే ముందు పశువే ఈ యంత్రం ముందుకొచ్చిందన్నమాట. 1971 అక్టోబరు 1న లండన్ శివారు వింబుల్డన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో తొలి రోగి మెదడును స్కాన్ చేశారు. 1979లో ఆయనకూ, ఇదే గణితాన్ని విడిగా సాధించిన అలన్ కార్మాక్‌కూ కలిపి నోబెల్ వచ్చింది. మన వ్యాసానికి కావలసింది ఆయన పేరు మీద నిలిచిన కొలమానం. దానిలో నీటికి సున్నా, గాలికి మైనస్ 1000. కొవ్వు మైనస్ వంద చుట్టూ పడుతుంది, కండ యాభై దరిదాపుల్లో, ఎముక వందల్లోకి పోతుంది. వైద్యుడు ఆ అంకెల్లో గడ్డను వెతికితే, గొర్రెల శాస్త్రవేత్త మూడు రాశులుగా విడిపోయిన ఒంటిని చూశాడు. కత్తి చేసే పనిని అంకె చేస్తోంది.

నార్వేలోని ఓస్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో హారల్ షెర్వోల్ బృందం 1980ల మొదట్లోనే బతికున్న పందులను ఇలా స్కాన్ చేసి చూపించింది. 1990ల్లో న్యూజీలాండ్, స్కాట్లండ్ గొర్రెల ఎంపికలోనే దాన్ని వాడుకలోకి తెచ్చాయి. పని జరిగే తీరు చెప్పుకోదగ్గది. పొట్టేలు పిల్లకు మత్తు సూది వేసి, తొట్టి లాంటి పలక మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు చాపి పట్టీలతో కడతారు. పలక మెల్లగా స్కానర్ వలయంలోకి జరుగుతుంది. ఎడిన్‌బరా వాళ్లు మొదట్లో మూడే అడ్డకోతలు తీసేవారు: వెనక కటి ఎముక దగ్గర ఒకటి, నడుంలో ఐదో వెన్నుపూస దగ్గర ఒకటి, ఛాతీలో ఎనిమిదో వెన్నుపూస దగ్గర ఒకటి. నడుం బొమ్మలో నట్టనడుమ తెల్లగా వెన్నుపూస, దానికి అటూ ఇటూ బూడిద రంగులో నిండైన రెండు కండలు, వాటి చుట్టూ నల్లబారిన పలచటి కొవ్వు అంచు, కిందివైపు పేగుల మడతలు కనిపిస్తాయి. ఈ మూడు బొమ్మల వైశాల్యాల నుంచి ఒళ్లంతటి కండ, కొవ్వు, ఎముకల బరువు లెక్కగడతారు. లెక్క నిజమా కాదా అన్నది తేల్చడానికి స్కాన్ చేసిన గొర్రెల్లో కొన్నిటిని తర్వాత కోసి, కండా కొవ్వూ విడదీసి తూచారు. జీవానికీ జీవానికీ మధ్య ఉన్న తేడాలో నూటికి తొంభై పాళ్లకు పైగా స్కానర్ ముందే సరిగా చెప్పిందని తేలింది. అదే పొట్టేలు మత్తు దిగాక లేచి మేతకు పోయింది.

ఇంత ఖరీదైన యంత్రం గొర్రెకెందుకు అన్న ప్రశ్న సహజం. జవాబు లెక్కలోనే ఉంది. అన్ని పిల్లలనూ స్కాన్ చేయరు. ముందు మందలో అన్నిటికీ అల్ట్రాసౌండ్ తీసి, పైవరసన నిలిచిన కొద్ది పొట్టేలు పిల్లలనే సీటీకి పంపుతారు. వాటిలోంచి మిగిలే ఒకటి రెండు పొట్టేళ్లు పేరున్న పెంపకందారు మందలో తండ్రులవుతాయి. వాటి కొడుకులు వందల మామూలు మందలకు అమ్ముడవుతాయి. ఒక్కో పొట్టేలు ఒక్క కాలంలో యాభై ఆడగొర్రెలను కట్టించినా రెండు తరాలు తిరిగేసరికి ఆ స్కాన్ ఖర్చు వేల పిల్లల మీద పంచుకోబడుతుంది. బ్రిటన్‌లో స్కానర్‌ను ట్రెయిలర్‌లో పెట్టి పెంపకందారుల దగ్గరికే తీసుకెళ్లే ఏర్పాటు కూడా వచ్చింది. అయితే ఈ లెక్క కుదరడానికి ఒక షరతు ఉంది. ఏ పిల్ల ఏ పొట్టేలుకు పుట్టింది, ఏ తేదీన పుట్టింది అన్న పుస్తకం ఉండాలి. అది లేకపోతే స్కాన్ ఒక ఫొటో మాత్రమే, దాని ఫలితం ఎవరికీ చేరదు.

ఈ షరతు దగ్గర మన నేల గుర్తుకురాక మానదు. 2019 పశుగణనలో దేశంలో అత్యధికంగా గొర్రెలున్న రాష్ట్రం తెలంగాణ, సుమారు 1.91 కోట్లు. రెండోది ఆంధ్రప్రదేశ్, 1.76 కోట్లు. దేశంలోకెల్లా ఎత్తైన జాతిగా పేరున్న నెల్లూరు గొర్రెకు చిత్తూరు జిల్లా పలమనేరులో ప్రభుత్వ మంద ఉంది, వంశావళి రాసి, ఆరు నెలల బరువును చూసి పొట్టేళ్లను ఎంచుతారు. ఊళ్లలో గొల్లకురుమల మందల్లో మాత్రం ఎత్తు, పొడవు, రంగు, కాళ్ల తీరు చూసే ఎంపిక. ఆ చూపును తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. ఎండకు తట్టుకుని రోజుకు మైళ్ల కొద్దీ నడిచే జీవాన్ని నిలబెట్టింది ఆ చూపే. మన గొర్రెకు కొవ్వు సమస్య కాదు కూడా. కానీ బరువొక్కటే కొలిచే చోట, ఆ బరువులో ఎముకెంతో కండెంతో తెలియదన్న మాట పలమనేరుకైనా ఎడిన్‌బరాకైనా ఒకటే. సీటీ యంత్రం కంటే ముందు మనకు కావలసింది పల్లె మందల్లో పుట్టుక పుస్తకం.

స్కానర్ మీద రెండో అభ్యంతరం ఖర్చు కంటే బరువైనది. యంత్రాన్ని నమ్ముకున్నవాళ్లు కండ కండ అంటూ రుచిలేని, బలంలేని గొర్రెను తయారుచేస్తారన్నది అనుభవమున్న పెంపకందారుల భయం. ఆ భయానికి ఆధారం లేకపోలేదు. 1983లో అమెరికాలోని ఓక్లహోమాలో ఒక డార్సెట్ పొట్టేలు పుట్టింది, పేరు సాలిడ్ గోల్డ్. దాని వెనక భాగం అసాధారణమైన కండతో ఉబ్బి ఉండేది. కాలిపీజ్ అని పేరుపెట్టిన ఆ లక్షణం ఒక జన్యు మార్పు వల్లనని తర్వాత తేలింది. కండ ఎక్కువ, కొవ్వు తక్కువ, మేత కలిసొస్తుంది. కండను మాత్రమే తూచే ఏ యంత్రమైనా దానికే మొదటి మార్కు వేస్తుంది. వండితే నడుం మాంసం నమలలేనంత గట్టిగా వచ్చింది, చివరికి అమెరికా మాంసం వ్యాపారం ఆ గొర్రెను వద్దనుకుంది. ఇంత నాటకీయంగా కాకపోయినా ఆస్ట్రేలియాలోనూ ఇదే కనబడింది. 2007లో మొదలైన ఇన్ఫర్మేషన్ న్యూక్లియస్ అనే పెద్ద పరిశోధనలో, కండ దిగుబడి కోసం గట్టిగా ఎంచిన పొట్టేళ్ల పిల్లల మాంసంలో కండ పోగుల మధ్య ఉండే సన్నటి కొవ్వు తగ్గింది, రుచీ మెత్తదనమూ దానితోపాటే తగ్గాయి. బేక్‌వెల్ గొర్రె కొవ్వు వైపు ఒరిగినట్టే ఈ గొర్రె కండ వైపు ఒరిగింది. కొలిచింది దక్కింది, కొలవనిది చేజారింది.

దీన్ని బట్టి పాత కంటి చూపే మేలని తేల్చేస్తే అది తొందరపాటు. కండలోపలి కొవ్వును ఏ కన్నూ చూడలేదు. ప్రదర్శనల్లో పతకాలు గెలిచే పొట్టేలు తల తీరు, బొచ్చు తీరు ఆ మాంసం మెత్తగా ఉంటుందో లేదో చెప్పవు. సీటీ బొమ్మ మాత్రం కొంత చెబుతుంది. కండలో కొవ్వు కలిసినకొద్దీ దాని సాంద్రత తగ్గుతుంది, ఆ అంకె కిందికి జరుగుతుంది. టెక్సెల్ అనే జాతి గొర్రెల మీద స్కాట్లండ్‌లో జరిగిన పని ఈ జరుగుబాటును పట్టుకుని, గొర్రె బతికుండగానే కండలోపలి కొవ్వును అంచనా కట్టవచ్చని చూపింది. కండ బరువు చెప్పినంత కచ్చితంగా చెప్పదు, నిజమే. అయినా ఇంతకు ముందు అసలు చేతికందని సంగతి అది. తోలు కింది పనికిరాని కొవ్వు తగ్గాలి, కండలోని మెత్తదనం నిలవాలి అన్న రెండు కోరికలూ కొంతవరకు ఒకదాన్నొకటి లాగుతాయి. ఆ రెండు కొవ్వులూ పూర్తిగా ఒకటే అయితే ఎంపికకు దారే ఉండదు. తోలు కింద తక్కువ, కండలో ఎక్కువ ఉన్న అరుదైన పొట్టేలును వెతకాలంటే రెండింటినీ ఒకే జీవంలో విడివిడిగా చూడాలి. తప్పు యంత్రానిదని చెప్పే వాదన నిలవదు. ఒక్క అంకె దగ్గర ఆగిపోవడమే తప్పు. అదే యంత్రం మరో నాలుగు అంకెలు ఇవ్వగలదు.

కొండ గొర్రెల విషయంలో ఈ మాట ఇంకా స్పష్టపడుతుంది. స్కాటిష్ బ్లాక్‌ఫేస్ ఆడగొర్రె శీతకాలమంతా చలిగాలిలో, పలచటి మేతతో, కడుపులో పిల్లను మోస్తూ గడుపుతుంది. దానికి ఒంట్లోని కొవ్వు నిల్వ ధాన్యం. కండ కోసమని ఆ జాతిలోనూ కొవ్వు తీసేస్తే వసంతంలో ఈనేసరికి తల్లికి పాలుండవు. ఎడిన్‌బరా పరిశోధకులు ఇక్కడ కత్తితో ఎప్పటికీ కుదరని పని చేశారు. అవే ఆడగొర్రెలను పొట్టేలు కట్టకముందు, ఈనబోయే ముందు, పాలిచ్చే నడిమి కాలంలో, పిల్లల చేత పాలు మాన్పించాక స్కాన్ చేశారు. ఏ కొవ్వు ఎప్పుడు చేరుతోంది, ఎప్పుడు కరుగుతోంది, కడుపులోపలిది ముందా తోలు కిందిది ముందా అన్నది ఒకే గొర్రెలో ఏడాది పొడవునా కనిపించింది. హామండ్ వయసుకో గొర్రెను కోసి పేర్చి చూసిన మార్పును వీళ్లు ఒకే ప్రాణంలో చూశారు. వెచ్చటి పచ్చికలో పెరిగే టెక్సెల్‌కూ కొండ మీది బ్లాక్‌ఫేస్‌కూ ఒకే కొలబద్ద పెట్టకూడదన్న కాపరుల మాటకు ఇది శాస్త్రం ఇచ్చిన బలం.

జన్యు పరీక్షలు వచ్చాక ఇక స్కానర్ ఎందుకన్నది ఇప్పటి ప్రశ్న. చెవి తునక పంపితే పొట్టేలు విలువ తెలిసిపోతుందని ప్రచారం. అయితే ఆ తునకలోని అక్షరాలకు అర్థం చెప్పేది ఇదివరకే కొలిచిన వేల గొర్రెల లెక్క. ఏ గుర్తున్న గొర్రెకు కండలో కొవ్వు ఎంతుందో ఎవరో ఒకరు కొలిచి ఉంటేనే, కొత్త పిల్లలో ఆ గుర్తు చూసి అంచనా చెప్పగలరు. తరాలు మారేకొద్దీ గుర్తుకూ గుణానికీ ఉన్న ముడి సడలుతుంది, మళ్లీ కొలవాలి. పైగా బొమ్మకు ఒక గుణముంది. తీసినప్పుడు అడగని ప్రశ్నకు కూడా తర్వాత జవాబిస్తుంది. గొర్రెకు సాధారణంగా ఛాతీలో 13, నడుంలో 6 వెన్నుపూసలు. కొన్నిటికి ఒకటి ఎక్కువుంటుంది, వెన్ను పొడవూ మారుతుంది. స్కాన్‌లో భాగంగా తీసే పొడుగుపాటి బొమ్మల్లోనే వాటిని లెక్కపెట్టి, వెన్ను కొలిచి, ఆ తేడాకు వారసత్వం ఉందో లేదో స్కాట్లండ్‌లో పరిశీలించారు.

ఇలా వచ్చిన కొత్త ప్రశ్నల్లో పెద్దది కడుపు గురించినది. నెమరు వేసే జీవాల పెద్దపొట్టలో పుట్టే మీథేన్ వాతావరణాన్ని వేడెక్కిస్తుంది. ఒకే మేత తిన్నా కొన్ని గొర్రెలు తక్కువ వాయువు వదులుతాయి. 2014లో ఆస్ట్రేలియా పరిశోధకులు అలాంటి గొర్రెలను సీటీలో చూస్తే వాటి పెద్దపొట్ట చిన్నదిగా ఉంది, మేత అందులో నిలిచే సమయమూ తక్కువ. న్యూజీలాండ్‌లో 2019 నుంచి తక్కువ మీథేన్ పొట్టేళ్లను ఎంచుకునే అంకెలు పెంపకందారులకు అందుతున్నాయి. ఇక్కడ పాత భయమే కొత్త రూపంలో ఉంది. పెద్దపొట్ట చిన్నదైతే గట్టి గడ్డిని ఎక్కువసేపు నిలిపి అరిగించుకునే శక్తి తగ్గవచ్చు. మంచి పచ్చికలో తెలియని ఈ లోటు కరువు మేతలో బయటపడవచ్చు. ఆ జవాబు కోసం రెండు రకాల గొర్రెలనూ నాసిరకం మేత మీద పెంచి, పొట్ట పరిమాణం, కండ, కొవ్వు మూడింటినీ కలిపి చూడాలి. మీథేన్ అంకె ఒక్కదాన్నే పట్టుకుని పొట్టేళ్లను అమ్మకుండా ఉండటానికి కావలసిన సాధనం ఇప్పటికే పెంపకందారుల చేతిలో ఉంది.